గడ్డం కోళ్ళు

సౌదీ ఖతీఫ్‌లో సేఠు అబూ జాఫర్ తోట నుంచి గుడ్ల ట్రే ఇంటికి వస్తే చుట్టాలంతా వంగి చూసేవారు. పాల తెలుపు ఒక వరస, బెల్లం రంగు ఒక వరస, ఆకాశం రంగు ఒక వరస. ఆ ఆకాశం రంగు గుడ్లే సేఠుకు ప్రాణం. గుడ్లు తప్ప కోళ్ళను ఆయన ఎరగడు. ఆస్తమా మనిషి, దడి దగ్గరికి వస్తే ఊపిరాడదు. కోళ్ళను పదకొండేళ్ళుగా సాకినవాడు దేవన్న. జగిత్యాల దిక్కువాడు, ఐదో తరగతి దాటనివాడు. ఏ పెట్ట ఏ రంగు గుడ్డు పెడుతుందో అది పెట్టకముందే చెప్పగలడు.

పోయిన చలికాలం రోగమొచ్చి పెద్ద కోళ్ళన్నీ పోయాయి. అంతకుముందే పొదిగే మిషన్‌లో పెట్టిన గుడ్లు మాత్రం దక్కాయి. మూడు జాతుల పిల్లలూ ఒకే దడిలో పెరుగుతున్నాయి. అప్పుడే దమ్మాం సైటు నుంచి ప్రభాకర్ తోటకు వచ్చాడు. దేవన్న అక్క పోచవ్వ కొడుకు. సేఠు కాళ్ళావేళ్ళా పడి వాడికి వీసా తెప్పించింది దేవన్నే.

తోట పనివాళ్ళ అకామాలు, అంటే దేశంలో ఉండనిచ్చే కార్డులు, సేఠుగారి కరెంటు కంపెనీ మీద ఉండేవి. పరదేశి పనివాళ్ళ తలకింతని సర్కారు వేసే లెవీ ఆ ఏడు మళ్ళీ పెరిగింది. సౌదీవాళ్ళకు ఎన్ని కొలువులిచ్చారో చూసి కంపెనీలకు రంగులు వేసే నితాఖత్‌లో, కంపెనీ పచ్చ నుంచి పసుపుకు జారింది. తోటకు ఇద్దరు దండగ, ఒక్కడు చాలన్నాడు సేఠు. ఆ ఒక్కడూ ఎవరో తేలకముందే ప్రభాకర్ ఆయన చెవిలో ఊదాడు: మామ నీలం గుడ్లు దొంగచాటుగా అమ్ముకుంటున్నాడని, చూపు ఆనదని, కోళ్ళన్నిటినీ నిజానికి తానే చూసుకుంటున్నానని. వారం తిరగకుండా దేవన్నకు ఖురూజ్ కొట్టారు. అరవై రోజుల్లో వెళ్ళిపోవాలి, మళ్ళీ రాకుండా.

"దొంగనని చెప్పినవారా నన్ను?" అని అడిగాడు దేవన్న.

ప్రభాకర్ తలొంచుకోలేదు. "నీకు వయసైంది మామా. నీ పోరగాండ్లు సంపాయిస్తున్నరు. నా ముందట మస్తు బతుకున్నది. అండ్ల తప్పేమున్నది?"

"తప్పేం లేదు బిడ్డా. కోళ్ళ సంగతి నాకెరికె అన్నవట గద. చూసుకో మరి."

ఆ మాటతో దడి తాళం వాడి చేతికిచ్చేసి పక్కకు తప్పుకున్నాడు.

నాలుగు రోజులకే రియాద్ నుంచి సేఠు బావమరిది అడిగాడు, అక్కడి మలాజ్ పేటలో తన ఇంటి మీద పెంచుకోవడానికి నీలం గుడ్డు పెట్టే పెట్టలు పది కావాలని. పెట్టలన్నీ ఐదు నెలలవి, ఇంకా గుడ్డుకు రాలేదు. ప్రభాకర్ దడిలోకి దిగి గిరగిరా తిరిగాడు. ఊళ్ళో పుంజును ఈక చూసే కాకి అంటారు, డేగ అంటారు, నెమలి అంటారు. వాడికి తెలిసిన కోళ్ళ చదువు అంతే. ఈక నీలమైతే గుడ్డూ నీలమే అనుకుని, నీలిబూడిద రంగులో నిగనిగలాడే పది పెట్టల్ని పట్టి బుట్టల్లో వేశాడు.

దేవన్న వేపపుల్ల నములుతూ చూశాడు. పదింటికీ చెవితమ్మెలు సున్నం కొట్టినంత తెల్లగా ఉన్నాయి. అలాంటివి తెల్ల గుడ్డే పెడతాయి. ఒక్క మాట చెబితే వాడు దిద్దుకునేవాడు. దేవన్న పుల్ల రెండో చెంపకు మార్చుకున్నాడు.

"ఎట్లున్నయ్ మామా?" అన్నాడు ప్రభాకర్, ఎగతాళిగా.

"నీ లెక్కనే ఉన్నయ్. పైకి మంచిగున్నయ్."

అసలు నీలం గుడ్డువి దడి మూలన ముడుచుకుని ఉన్నాయి. రంగూ రూపూ లేనివి. బుగ్గల కింద గడ్డం, తలమీద బఠాణీలు పేర్చినట్టు చిన్న తురాయి, సీసం రంగు కాళ్ళు. ప్రభాకర్ వాటిని చూసి, మొహాలు వాచాయి, రోగం అంటుకుందని సేఠుకు ఫోన్ చేసి, గురువారం సంతకు తోలాడు.

దేవన్న ముందే పక్క తోట డ్రైవరు ఇనాయతుల్లాను సంతకు పంపాడు. కడప మనిషి. గడ్డం కోళ్ళన్నీ కొని తెచ్చి తన గది వెనక వదిలి నవ్వాడు. "ఏంటికన్నా ఈ మొకాలు? నాకంటే గడ్డం వీటికే బాగుండాది!"

"నెలరోజులు ఓపిక పట్టు భాయ్. గుడ్డు పెట్టినంక నవ్వుదువు."

"ఇంతకీ నీ సేఠుకు ఇప్పుడే చెప్పొచ్చు గదా?"

"ఇప్పుడు చెప్తే వానిది పొరపాటైతది. పొరపాటును మాఫ్ జేస్తరు."

దేవన్న టికెట్ తీసుకోలేదు. రోజూ పొద్దున్నే పక్క తోటకు పోయి గడ్డిలో చెయ్యి పెట్టి చూసేవాడు. ఖురూజ్ కొట్టిన నలభై ఆరో రోజున వేళ్ళకు వెచ్చగా తగిలింది. ఆకాశం రంగు.

సరిగ్గా ఆ వారమే మలాజ్ నుంచి సేఠుకు ఫొటో వచ్చింది. ట్రే నిండా తెల్ల గుడ్లు, కింద నవ్వుతున్న బొమ్మలు. అబూ జాఫర్ ఆస్తమా కూడా మరిచి దడి ముందుకొచ్చి ఇద్దర్నీ పిలిచాడు.

"మామనే నాకు సరిగ్గ చెప్పలే సేఠ్!" అన్నాడు ప్రభాకర్.

"నన్నెందుకు అడుగుతవురా, నాకు చూపు ఆనదాయె," అన్నాడు దేవన్న. తర్వాత సేఠును ఇనాయతుల్లా గది వెనక్కి తీసుకుపోయి, అక్కడున్న ఏడు నీలం గుడ్లూ ఒక్కొక్కటిగా ఆయన పట్టిన పొడుగు తెల్లచొక్కా చెరగులో పెట్టాడు. ప్రభాకర్ రోగమని అమ్మేసింది ఈ కోళ్ళనే అని చెప్పాడు. ఇనాయతుల్లా సాక్ష్యం పలికాడు.

సేఠు అక్కడే ఫోన్ తీసి దేవన్న ఖురూజ్ రద్దు చేశాడు. ఆనక దేవన్న వైపు తిరిగి, తనకొచ్చిన హిందీలో అడిగాడు. "వీడు నీ రక్తం. రియాద్‌లో మనవాడి పూచీ మీదికి కఫాలత్ మార్చమంటావా, ఊరికి పంపించమంటావా? నువ్వు చెప్పు."

ప్రభాకర్ మొహం పాలిపోయింది. గబగబా ఊరికి ఫోన్ కలిపి మామ చేతిలో పెట్టాడు. అవతల పోచవ్వ. "తమ్మీ, పోరడు తప్పు జేసిండు. నా మొకం జూడు."

"చూసే తెచ్చిన గదక్కా," అని దేవన్న ఫోన్ తిరిగిచ్చేశాడు. సేఠుతో ఒకే మాట అన్నాడు.

"ఖురూజ్."

పోయేరోజు సంచి భుజానేసుకుని ప్రభాకర్ గేటు దగ్గర ఆగాడు. "ఒక్కటి చెప్పు మామా. గుడ్డు పెట్టకముందే ఎట్ల తెలుస్తది?"

గడ్డం కోళ్ళకు దాణా చల్లుతున్న దేవన్న తల ఎత్తలేదు.

"మీ అవ్వ అడిగితే చెప్పు, మామ చెప్పలేదని."