నారే చెవుల్లో రెండు గొట్టాలు

నేను జెజు దీవిలో బస్సు నడుపుతాను. తూర్పు తీరం వెంట పోయే బస్సు. ఎనిమిదేళ్లుగా నడుపుతున్నా ఒక్కసారి కూడా బండి దేనికీ రాసుకోలేదు. ఇది గొప్పకు చెప్పే మాట కాదు, నా తీరు తెలుస్తుందని చెబుతున్నాను. మలుపు వస్తే అద్దంలో చూస్తాను, పక్కకు చూస్తాను, తిప్పేస్తాను. తిప్పాక మళ్లీ ఆలోచించను.

మా అమ్మ బు మాల్సున్ దీ అదే తీరు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. గాలి సిలిండరు లాంటిదేమీ లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దిగి నత్తగుల్లలూ నాచూ ఏరుకొస్తుంది. పదహారో ఏట మొదలుపెట్టింది, ఇంకా మానలేదు. ఇలాంటి ఆడవాళ్లిద్దరు ఒకే ఇంట్లో ఉండి, ఒకే విషయం మీద చెరో వైపు నిలబడితే ఎలా ఉంటుందో ఆ వసంతంలో మా ఆయన సంగ్‌హున్‌కి బాగా తెలిసొచ్చింది. ఆ విషయం మా కూతురు నారే చెవులు.

నారేకు రెండేళ్లు నిండేసరికి ఏడుసార్లు చెవిపోటు వచ్చింది. ముందు పడిశం పట్టేది. మూడో రోజుకి జ్వరం, చెవి పీక్కోవడం, తల గోడకేసి రుద్దుకోవడం. పది రోజులు గులాబీరంగు మందు తాగితే తగ్గేది. మందు సీసా కడిగి బోర్లించేలోపే మళ్లీ ముక్కు కారడం మొదలయ్యేది. పిల్లలన్నాక ఇవన్నీ మామూలే అనుకున్నాం. ఒకరోజు డేకేర్‌లో మున్ టీచర్ నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"నారే అమ్మగారూ, ఒక మాట చెప్తాను, కంగారు పడకండి. నారే ఎదురుగా నిలబడి పిలిస్తే పలుకుతోంది. వెనకనించి పిలిస్తే పలకట్లేదు."

"మొండిది లెండి, అమ్మమ్మ పోలిక."

"మొండి పిల్లలు విని కూడా విననట్టు ఉంటారండీ. వాళ్లని రోజూ చూస్తూనే ఉంటాను కదా. నిన్న నా చేతిలోంచి స్టీలు పళ్లెం జారి పడింది. పిల్లలంతా ఉలిక్కిపడ్డారు. తను తలెత్తలేదు."

ఇంటికెళ్లగానే నారే వెనక నిలబడి బిస్కెట్ల పొట్లం గలగలలాడించాను. కదల్లేదు. ఇంకా గట్టిగా ఆడించాను. బొమ్మ ఆక్టోపస్ కాళ్లు ఒక్కొక్కటే లాగుతూ కూర్చుంది. పొట్లం తెచ్చి ముందు పెట్టగానే ఎగిరి నా మెడ పట్టుకుంది. రెండేళ్ల పిల్లకు ఎనిమిది మాటలే ఎందుకు వచ్చాయో అప్పుడర్థమైంది.

మరుసటి వారం పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. హ్యోన్ అనే చెవి డాక్టరు చూశాడు. ముప్పయ్యైదేళ్లుంటాయి, మాట మెల్లగా ఉంటుంది. చెవిలోకి దీపం వేసి చూశాడు, గాలి ఒత్తిడి పరీక్ష చేశాడు. పాత కాగితాలన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాడు.

"రెండు చెవుల్లోనూ పొర వెనకాల నీరు చిక్కబడి నిలిచిపోయిందండీ. చెవిలోంచి గొంతు వెనక్కి ఒక సన్నటి దారి ఉంటుంది. చిన్నపిల్లలకి అది పొట్టిగా, వాలు లేకుండా ఉంటుంది, తేలిగ్గా మూసుకుపోతుంది. ఇక గాలి ఆడదు. పొరకి చిన్న గాటు పెట్టి, నీరు లాగేసి, ఒక బుల్లి గొట్టం అమరుస్తాం. బియ్యపు గింజలో సగం ఉంటుంది. ఇకమీదట గాలి అందులోంచి ఆడుతుంది."

"చేసేయండి."

"ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి."

"మాట్లాడుకోవడానికి ఏముంది? పిల్లకి వినపడట్లేదు. వినపడేలా చేస్తానంటున్నారు."

తారీఖు రాయించుకుని ఇంటికొచ్చాను. అమ్మ పెరట్లో నాచు ఆరబోస్తోంది. విషయం చెప్పాను. చేతిలో నాచు చేతిలోనే ఉండిపోయింది.

"చెవిపొరకి చిల్లు పెడతారా?"

"చిన్నదే అమ్మా. గొట్టం పెట్టడానికి."

"చిల్లు చిల్లే. చిన్నదేంటి, పెద్దదేంటి? నేను బతికుండగా దాని చెవి మీద కత్తి పడనివ్వను."

"దాని చెవి సంగతి నేను చూసుకుంటాను. నేను దాని అమ్మని."

"నేను నీ అమ్మని!"

అంతే, మాటలు ఆగిపోయాయి. నాలుగు రోజులు నాతో సూటిగా ఒక్క మాట మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా సంగ్‌హున్ మధ్యలో ఉండాల్సిందే. "అల్లుడూ, గంజి పొయ్యి మీద ఉందని మీ ఆవిడకి చెప్పు." మీ ఆవిడ అక్కడే, చేయి చాస్తే అందేంత దూరంలో కూర్చుని ఉంటుంది. సంగ్‌హున్ చేపల పెంపకం కేంద్రంలో పని చేస్తాడు, మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషి. నాలుగో రోజు చెంచా కింద పెట్టి, "నేను చేపల దగ్గరికి పోతాను. వాటికి అసలు మాటలే రావు, హాయి" అని లేచిపోయాడు.

ఐదో రోజు ఆదివారం. సముద్రం పోటు మీద ఉంది, ఎవరూ దిగలేదు. అమ్మ రేవు గట్టు మీద ఒంటరిగా కూర్చుని వల సంచి కుట్టుకుంటోంది. నారేని వీపుకి కట్టుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను.

"మీ పెద్దమ్మ మాల్రే ఎలా పోయిందో నీకు తెలుసా?" అంది అమ్మ. తల ఎత్తలేదు.

"సముద్రంలో పోయిందని తెలుసు."

"ఎలా పోయిందో తెలుసా అంటున్నా."

తెలియదు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"దానికి పడిశం. ఇవాళ వద్దే అక్కా అన్నాను. ఏం కాదులే అంది. ఎనిమిది బారల లోతులో పెద్ద గుల్ల ఒకటి ముందురోజు చూసి పెట్టుకుంది, వేరేవాళ్లు తీసుకుపోతారని దాని భయం. దిగింది. అక్కడ చెవిపొర చిరిగింది. చల్లనీళ్లు లోపలికి పోతే తల గిర్రున తిరిగిపోతుందే. పైనేదో కిందేదో తెలియదు. పైకి అనుకుని అడుక్కి ఈదింది. నేను పక్కనే ఉన్నాను, చూశాను. బలంగానే ఈదింది, పాపం. నేను పట్టుకుని పైకి తెచ్చేసరికి అయిపోయింది." సూది వలలో గుచ్చి అక్కడే వదిలేసింది. "చెవిపొర అంటే నీకు కాగితం మీది మాట. నాకు కాదు."

నారే నా వీపు మీదనించి వంగి అమ్మమ్మ జుట్టు పట్టుకుని లాగింది. అమ్మ ఆ చెయ్యి విడిపించుకోలేదు, దాని వేళ్లు తన చేతిలోకి తీసుకుంది.

"నువ్వు చూసింది నేను చూడలేదమ్మా," అన్నాను. "నేను చూసిందొకటి నువ్వూ చూడలేదు. వెనకనించి పిలిచి చూడు దీన్ని. ఆ తర్వాత నాతో ఆసుపత్రికి రా. నీకున్నవన్నీ ఆ డాక్టర్నే అడుగు. ఆయన చెప్పలేకపోతే తారీఖు రద్దు చేయించేస్తాను."

గురువారం అమ్మ పెళ్లిళ్లకు వేసుకునే ఊదారంగు కోటు వేసుకుని బయల్దేరింది. ఆ మూడు రోజుల్లో నారేని వెనకనించి ఎన్నిసార్లు పిలిచిందో నాకు తెలుసు. గోడ చాటునించి నేనూ వింటూనే ఉన్నాను.

డాక్టర్ హ్యోన్ చెవి బొమ్మ చేతిలోకి తీసుకున్నాడు. అమ్మ దాన్ని పక్కకి జరిపేసింది.

"బొమ్మ వద్దు బాబూ. చెవి లోపల ఏముంటుందో నాకు తెలుసు. యాభై ఏళ్లుగా నీళ్లలోకి దిగుతున్నాను. దిగేటప్పుడు మింగుతాం, ముక్కు మూసి ఊదుతాం. టప్ మని తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే పైకి వచ్చేస్తాం. పడిశం ఉంటే అసలు దిగం."

"పడిశం ఉంటే ఎందుకు దిగరు?"

"తెరుచుకోదు కనక."

"మీ మనవరాలికి తెరుచుకోవట్లేదండీ. ఎనిమిది నెలలుగా."

నారే బల్లమీది కాగితాలు ఒక్కొక్కటే కింద పడేస్తోంది, ఎవరూ ఆపలేదు.

"అంటే ఈ పసిది," అంది అమ్మ చివరికి, "ఎనిమిది నెలలుగా పడిశంతో నీళ్ల కిందే ఉన్నట్టా?"

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎంతమందికో చెప్పాను గానీ, ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను."

"పొగడకు. ఇంకా అవలేదు. మా అక్క పొర చిరిగే పోయింది."

అమ్మ మాల్రే పెద్దమ్మ సంగతి చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు.

"మీ అక్కగారి పొరని సముద్రం బరువు చించిందమ్మా, లోతులో, ఒక్కసారిగా. నేను పెట్టేది రెండు మిల్లీమీటర్ల గాటు. అదీ గట్టుమీద, పిల్ల నిద్రలో ఉండగా. గొట్టాన్ని మేం మళ్లీ తీయక్కర్లేదు. ఏడాది అటూ ఇటూగా పొరే దాన్ని బయటికి నెట్టేస్తుంది. చిల్లు పూడిపోతుంది."

"పూడకపోతే?"

"నూటికి ఇద్దరు ముగ్గురికి పూడదు. అప్పుడు అతుకు వేయాలి. వేస్తాం. గొట్టాలు ఉన్నన్నాళ్లూ నీళ్లలో తల ముంచి దిగకూడదు. చెవి కారొచ్చు, దానికి చుక్కల మందు ఉంది."

అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత లేచి కోటు సర్దుకుంది.

"నూటికి నూరు మందికీ పూడుతుందని నువ్వు అనుంటే నా పిల్లని ఎత్తుకుని వెళ్లిపోయేదాన్ని," అంది. "చెయ్యి."

తర్వాతి మంగళవారం పొద్దున్నే సంగ్‌హున్ ట్రక్కులో బయల్దేరాం. పాలు ఇవ్వకూడదన్నారు. ఆరింటికి కాసిని బార్లీ నీళ్లు తాగించాను. పాల సీసా కనపడక నారే దారంతా గోల పెట్టింది. మత్తు గదిలోకి ఒక్కరినే రానిస్తామన్నారు. అన్నీ నేనే తేల్చేశాను కదా, తీరా తలుపు ముందుకొచ్చేసరికి అమ్మ వైపు తిరిగాను.

"అమ్మా, నువ్వు వెళ్తావా?"

"నువ్వే పో. నీ చేతుల్లో నిద్రపోతే దానికి చాలు. నేను పోతే డాక్టరుకి పని నేర్పుతాను."

వెళ్లాను. స్ట్రాబెర్రీ వాసన వేసే మాస్కు అది. నారే రెండు చేతులతో నెట్టేసింది, కాళ్లతో తన్నింది. గుండెకి హత్తుకుని, నా బస్సు స్టాపుల పేర్లు వరసగా చెప్పడం మొదలుపెట్టాను: రేవు, బడి, లైట్‌హౌసు, నారింజ తోట... మాటలు వినపడకపోయినా నా గుండెలో అదురు తెలుస్తుంది కదా. ఆరో స్టాపు దగ్గర బరువెక్కింది. ఏడోది నేను చెప్పలేదు. పడుకోబెట్టి, నుదురు ముద్దుపెట్టుకుని బయటికొచ్చాను.

బయట సంగ్‌హున్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అమ్మ కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంది. దేవుణ్ణి తలుచుకుంటోందేమో అనుకున్నాను.

"దిగి పైకి రావడానికి నాకు రెండు నిమిషాలు," అంది కళ్లు తెరవకుండానే. "ఇప్పటికి ఆరుసార్లు దిగి వచ్చాను. ఇంకా ఎంతసేపు చేస్తాడే ఆ పిల్లాడు?"

ఎనిమిదోసారి దిగుతుండగా డాక్టరు మాస్కు కిందికి లాక్కుంటూ వచ్చాడు. "అయిపోయిందండీ. రెండు చెవుల్లోనూ బంక లాగా ఉంది, లాగేశాం. గొట్టాలు చక్కగా కూర్చున్నాయి."

మత్తు వదిలాక నారే అరగంట ఏకధాటిగా ఏడ్చింది. అలాగే ఉంటుంది, భయపడకండి అంది నర్సు. తర్వాత ఆపిల్ రసం గటగటా తాగి, మా అందరి మీదా కోపంగా అటు తిరిగి కూర్చుంది.

మధ్యాహ్నం ట్రక్కు ఎక్కాం. సంగ్‌హున్ తాళం తిప్పగానే బెల్టు పెట్టుకోమని బండి పీప్ పీప్ అంది. నారే ఉలిక్కిపడింది. రెండు చేతులతో చెవులు మూసుకుంది. మెల్లగా తీసింది. మళ్లీ పీప్. ఎక్కణ్ణించి వస్తోందో తెలియక కిటికీ వైపు చూసింది, నా నోటి వైపు చూసింది, చివరికి వేలు పెట్టి సరిగ్గా స్టీరింగు దగ్గర మెరుస్తున్న బెల్టు దీపాన్ని చూపించింది. బెల్టు పెట్టబోతున్న సంగ్‌హున్ చేయి ఆగిపోయింది.

"పెట్టకు," అంది అమ్మ. "కాసేపు విననీ."

ఆసుపత్రి ముందు, ఇంజను నడుస్తుండగా, ఐదుగురు ట్రక్కుల వాళ్లు వెనకనించి హారన్లు కొడుతుంటే, మేం నలుగురం కూర్చుని ఆ పీప్ పీప్ విన్నాం. నా బస్సు ముందు ఎవరైనా అలా చేసి ఉంటే దిగి వెళ్లి దులిపేసేదాన్ని.

ఇంటికొచ్చాక ఆ వేలు కిందికి దిగలేదు. ఫ్రిజ్జు, కొళాయి, చెప్పుల చప్పుడు, వేయించిన నాచు కరకర. ప్రతిదానికీ వేలు. ప్రతిదాని పేరూ అమ్మ దానికి చెప్పేది.

అంతా సాఫీగా సాగిందని అనను. జూన్‌లో కుడి చెవి కారింది. దిండు మీద పసుపు మరక చూడగానే అమ్మ మొహం నల్లబడింది. "చెప్పానా?" అంది. "డాక్టరూ చెప్పాడు," అన్నాను. ఐదు రోజులు చుక్కలు వేశాం. జ్వరం రాలేదు, ఏడుపు లేదు, గులాబీ మందు అవసరం పడలేదు. ఆరో రోజుకి చెవి పొడిగా ఉంది. ఆ చలికాలం నాలుగు పడిశాలు వచ్చి పోయాయి గానీ ఒక్క చెవిపోటూ రాలేదు. మాటలు మాత్రం వరదలా వచ్చాయి. మున్ టీచర్ ఒకరోజు చేతులు జోడించి, "నారే అమ్మగారూ, మధ్యాహ్నం నిద్ర వేళలోనైనా కాస్త ఊరుకోమని చెప్పండి" అంది.

మరుసటి ఏప్రిల్‌లో ఒక గొట్టం రాలిపోయి చెవి తమ్మె దగ్గర కనిపించింది. రెండోది జూలైలో ఎప్పుడు పడిందో ఎవరూ చూడలేదు. డాక్టర్ హ్యోన్ దీపం వేసి చాలాసేపు చూశాడు. రెండు పొరలూ పూర్తిగా మూసుకున్నాయన్నాడు. అమ్మ తనూ చూస్తానంది. ఆయన ఆ దీపం ఆమె చేతికిచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించాడు.

ఆ ఏడాది సెప్టెంబరులో ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి ఇద్దరూ రాతిగోడ పక్కన చతికిలబడి ఉన్నారు. నారేకి అప్పుడు మూడున్నరేళ్లు.

"అమ్మమ్మా, ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడే?"

"అదే! రాళ్లల్లోంచి వస్తోందే!"

అమ్మ తల అటు వంచింది, ఇటు వంచింది. నా వైపు చూసింది. కీచురాళ్లమ్మా, అన్నాను గట్టిగా.

"ఓ, అవా! అవి నాకు వినపడక ఇరవై ఏళ్లయింది." నారే వైపు తిరిగింది. "ఎలా అంటున్నాయే? నువ్వు చెప్పు."

నారే గోడకి చెవి ఆనించి శ్రద్ధగా విన్నది. తర్వాత అమ్మమ్మ మొహం రెండు చేతులతో పట్టుకుని, దగ్గరికి లాక్కుని, "చిర్ర్ర్ చిర్ర్ర్" అని చేసి చూపించింది. అలా కాదు, ఇంకా సన్నగా, అని తనకు తానే సరిచేసుకుని మళ్లీ చేసింది. అన్నానికి పిలిచినా ఇద్దరూ లేవలేదు.