దుమ్ము చూసి నొక్కు

గచ్చిబౌలి వెనకున్న పదకొండు అంతస్తుల భవనం సాయంత్రం నాలుగున్నరకు కూలిపోతుంది. మొత్తం ఏడు సెకన్ల పని. ఆ ఏడు సెకన్లను ఫొటోలు తీసే అవకాశం అఖిలకు ఉదయం పదకొండింటికి దొరికింది.

ఫోన్ చేసింది భానుశ్రీ. కూల్చివేత కంపెనీలో ఇంజనీరు. ఆమె చెల్లెలి పెళ్లికి ఫొటోలు తీసింది అఖిలే.

"మా ఫొటోగ్రాఫర్ బైక్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు అఖిలా. ఏ పిల్లర్ ముందు విరిగింది, ఏది తర్వాత విరిగింది, మాకు ఫ్రేమ్ ఫ్రేమ్‌గా కావాలి. మొదటి పేలుడు నుంచి చివరిదాకా ఒక్కటి కూడా తప్పకుండా ఇవ్వగలిగితే, ఈ ఏడాది మా సైట్లన్నీ నీకే."

"ఇస్తా మేడం."

"నీ చోటు ఎదురు భవనం వాటర్ ట్యాంక్ పైన. ఇనుప నిచ్చెన ఎక్కాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. వీపు మీద ఒక్కటే బ్యాగ్. బయట ఏదైనా వేలాడిందా, సేఫ్టీ వాళ్లు కిందే ఆపేస్తారు. ఒక హెల్పర్‌ని తెచ్చుకో."

ఐటీ కంపెనీలో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే టెస్టర్ ఉద్యోగం పోయి అఖిలకు మూడు నెలలైంది. ఇలాంటి ఫోన్ మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. కానీ తన దగ్గరున్న ట్రైపాడ్ నాలుగు కిలోలు, బ్యాగులో సగం కూడా పట్టదు. మెమరీ కార్డులు పాతవి.

"నాయినా, చెప్పులేసుకో. హెల్పర్‌వి నువ్వే."

కిష్టయ్య ముప్ఫై ఏళ్లుగా సెంట్రింగ్ మేస్త్రీ. స్లాబు పోసేముందు కింద కర్రలూ పలకలూ నిలబెట్టడం ఆయన పని. తినే కంచం పక్కన పెట్టి లేచాడు. "యాడికే?"

"బిల్డింగ్ కూలగొడ్తుండ్రు."

"కట్టెటోన్ని పట్టుకపోయి కూలగొట్టేది చూపిస్తవా!" అంటూనే తువ్వాల భుజాన వేసుకున్నాడు.

నిజాంపేట నుంచి స్కూటీ మూసాపేట చేరేసరికి ఒంటిగంట. మెట్రో స్టేషన్ దగ్గరి కెమెరా షాపులో సీతారామాంజనేయులు అప్పుడే టిఫిన్ బాక్స్ తెరిచాడు.

"రామ్మా అఖిలా. భోజనం చేస్తారా?"

"టైం లేదంకుల్. బ్యాగులో పట్టే ట్రైపాడ్, ఫొటోలు వేగంగా రాసుకునే కార్డు. గంటలో బయల్దేరాలి."

ఆయన రెండు ట్రైపాడ్లు బల్ల మీద పెట్టాడు. "ఇది కార్బన్ ఫైబర్ అండి. కిలో కూడా ఉండదు. అది అల్యూమినియం, కిలోన్నర. రెండూ మడిస్తే మూరెడే."

అఖిల కార్బన్‌ది ఎత్తి చూసింది. చేతిలో ఏమీ లేనట్టే ఉంది. మనసంతా దాని మీదే.

కిష్టయ్య అల్యూమినియం దాన్ని విప్పి, తల మీద రెండు అరచేతులూ పెట్టి బరువేశాడు. పక్కకు తిప్పాడు. కిందున్న సన్నటి కాళ్లు వణికాయి. వాటిని లోపలికి తోసేసి మళ్లీ నొక్కాడు. ఈసారి కదల్లేదు.

"గీ చివరి కాళ్లు ఇప్పకుంటే గట్టిగనే ఉన్నది."

"అప్పుడు మోకాలెత్తే ఉంటుంది కదండీ కిష్టయ్యగారూ?"

"ట్యాంకు మీద అడ్డం గోడ యాడిది సారూ? కూసొని తీస్తది."

తర్వాత కార్డు. సీతారామాంజనేయులు పెద్ద అక్షరాలున్న పెట్టె చూపించాడు. "రెండొందల యాభై ఆరు జీబీ. సెకనుకు నూట డెబ్బై ఎంబీ అండి."

"అది చదివే వేగం అంకుల్. రాసేది ఎంత?"

ఆయన కళ్లజోడు పైకి లేపి పెట్టె వెనక వెతికాడు. "అది... రాయలేదమ్మా."

"రాయలేదంటే తక్కువని. టెస్ట్ చేద్దాం."

గోడ గడియారంలో సెకన్ల ముల్లు తిరుగుతోంది. అఖిల దానికేసి కెమెరా పెట్టి బటన్ నొక్కి పట్టింది. సెకనుకు ఇరవై ఫొటోలు. టకటకా మోగిన కెమెరా ఒక్కసారిగా నత్తి పట్టినట్టు ఆగి ఆగి కొట్టింది. ఫొటోల్లో ముల్లు వరసగా కదిలింది మూడు సెకన్లే.

"మూడు సెకన్లకి భవనం సగమే కూలుతుంది. ఇంకోటి చూపించండి."

ఈసారి అరవై నాలుగు జీబీ. చిన్నదే కానీ ఖరీదైనది. రాసే వేగం పెట్టె మీదే ఉంది. అఖిల నొక్కింది. మళ్లీ మూడు సెకన్లు. మళ్లీ నత్తి.

"నకిలీదా అంకుల్?"

సీతారామాంజనేయులు ముఖం ఎర్రబడింది. "నా షాపులో నకిలీ సరుకు ఉండదండి!"

గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది. అఖిల రెండు కార్డుల పెట్టెలూ పక్కపక్కన పెట్టింది. టెస్టర్ బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. కార్డు మారింది, ఫలితం మారలేదు. మరి మారనిదేంటి?

కెమెరా తలుపు తెరిచింది. లోపల రెండు అరలు. రెండో అరలో తన పాత కార్డు. ఒకసారి ఒక పెళ్లి ఫొటోలు పోగొట్టుకున్నప్పటి నుంచి ప్రతి ఫొటోనూ రెండు కార్డుల మీదా రాయిస్తోంది. కొత్తది ఎంత పరిగెత్తినా, పాతది రాసేదాకా కెమెరా ఆగాల్సిందే!

పాతది పీకేసి నొక్కింది. ముల్లు తొమ్మిది సెకన్లు ఆగకుండా కదిలింది.

"అంకుల్, సారీ! నకిలీ కాదు, తప్పు నాదే!"

"హమ్మయ్య. ఒక్కటి చాలా మరి?"

చాలదు. ఒక్క కార్డుతో వెళ్తే, అది మొండికేస్తే? కూలిన భవనం మళ్లీ లేవదు. అలాంటివి రెండు కావాలి. రెండు కొంటే కార్బన్ ట్రైపాడ్‌కు చేతిలో డబ్బు మిగలదు. అఖిల దాన్ని ఒకసారి చూసి బల్ల మీదే వదిలేసింది.

"ఇవి రెండు. ఆ అల్యూమినియంది."

"ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నాడు కిష్టయ్య. "నిలబెట్టుడు నా పని."

నాలుగుంబావుకు ట్యాంక్ మీదున్నారు. తలకు హెల్మెట్లు. నాలుగు వందల మీటర్ల దూరంలో ఖాళీ భవనం. పైన గాలి ఈడ్చి కొడుతోంది. అఖిల బ్యాగును ట్రైపాడ్ కింది కొక్కేనికి తగిలిస్తే అది ఊయలలా ఊగింది, దాంతోపాటు కెమెరా కూడా.

"ఊగే బరువు గుంజుతది గానీ నిలబెట్టదే," కిష్టయ్య తువ్వాలతో బ్యాగును బిగించి, అడుగు నేలకు ఆనేలా కట్టాడు. ట్రైపాడ్ పాతేసినట్టు నిలిచింది.

పక్కన భానుశ్రీ రేడియో పట్టుకుంది. మొదటి సైరన్. రెండోది. మూడో సైరన్ మొదలవగానే అఖిల వేలు రిమోట్ బటన్ మీదకు వెళ్లింది. కిష్టయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు."

"సైరన్ మోగింది నాయినా!"

"సైరన్ మనుషులు పక్కకు జరగనీకి. మాదాపూర్‌ల బండలు పేల్చినప్పుడు రోజూ చూసిన. మోత కోసం చూసినా ఎనకబడ్తవ్. మోత మనదాకా రానీకి టైం పడ్తది. ఆ కింది పిల్లర్ల కాడ చూడు. దుమ్ము చూసి నొక్కు."

కెమెరా తడబడకుండా కొట్టేది తొమ్మిది సెకన్లే. సైరన్ ఆగింది. ఏమీ జరగలేదు. ఐదు సెకన్లు. ఎనిమిది. అప్పుడే నొక్కి ఉంటే కెమెరా ఇప్పటికి ఆగిపోయేది. పది. అఖిల రెప్ప వేయలేదు.

ఎడమ చివర పిల్లర్ దగ్గర పిడికెడు తెల్లటి దుమ్ము.

నొక్కింది.

కెమెరా టకటకలాడింది. ఆ తర్వాతే ఢాం అన్న మోత గుండెల్ని తాకింది. భవనం నడుం విరిగినట్టు వంగింది, మోకాళ్ల మీద పడింది, అంతస్తు మీద అంతస్తు కూర్చుంది. నత్తి లేదు. ఒక్క తడబాటు లేదు. భవనం ఉన్నచోట ఆకాశం కనిపించేదాకా కెమెరా కొడుతూనే ఉంది.

"వచ్చిందా?" భానుశ్రీ అరిచింది.

అఖిల వెనక్కి తిప్పింది. మొదటి ఫొటో: నిండు భవనం, ఒకే ఒక్క పిల్లర్ దగ్గర దుమ్ము. ఏ ఫొటోలోనూ వణుకు లేదు. రెండు కార్డుల్లోనూ ఉన్నాయి.

"ఆ ఎడమ పిల్లరే ముందు!" భానుశ్రీ స్క్రీన్ లాక్కున్నంత పని చేసింది. "పొద్దున్నించీ మేమంతా వాదించుకుంటోంది దీని గురించేనమ్మాయ్! వచ్చే ఆదివారం చందానగర్. సైట్ పాస్ రాయించేస్తాను. నీ పేరు తెలుసు, హెల్పర్ పేరు?"

"కిష్టయ్య," అంది అఖిల, నవ్వు ఆపుకోలేక.

దుమ్ము తెర ట్యాంక్ దాకా వచ్చేసింది. కిష్టయ్య గబగబా తువ్వాల విప్పి కెమెరా మీద కప్పాడు.

"హెల్పరేంది మేడం," అన్నాడు దగ్గుతూ. "మేస్త్రీ అని రాయుండ్రి."