మూడు గంటలు వెనక్కి

బ్యాటరీలైతే కాదు, నిన్న సాయంత్రమేగా కొత్తవి వేసింది అనుకున్నాడు కృష్ణమోహన్, వంటింటి గోడ మీద గడియారం పన్నెండూ నలభై అంటోంది, చేతిలో ఫోను మూడూ నలభై అంటోంది, సరిగ్గా మూడు గంటలు, ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు, పాడైన గడియారం ఇంత పద్ధతిగా తప్పు చెప్పదే, పదిహేనేళ్లుగా ఈ ట్రాయ్ ఊళ్లో కార్ల బ్రేకులు టెస్ట్ చేస్తున్నవాడికి ఆ మాత్రం తెలుసు, చెడిపోయిన వస్తువు ఎటుపడితే అటు పోతుంది, లెక్క ప్రకారం పోతోందంటే దాని వెనక ఏదో ఉంటుంది, లేకపోతే ఎవరో ఉంటారు, ఆ ఎవరో అన్న మాట మనసులోకి రాగానే అనుకోకుండా వెనక్కి తిరిగి చూశాడు, ఫ్రిజ్ తప్ప ఎవరూ లేరు, అది కూడా అప్పుడే ఆగి ఊరుకుంది.

నిజానికి ఈ గడియారానికి మనిషి చెయ్యే అక్కర్లేదు, రాత్రిళ్లు ఎక్కడో కొలరాడో నుంచి వచ్చే రేడియో సిగ్నల్ అందుకుని తన టైం తనే దిద్దుకుంటుంది, సిగ్నల్ అందడం లేదేమో అని మొదట అనుమానపడ్డాడు, మైక్రోవేవ్‌కి దూరంగా జరిపాడు, రెండు రాత్రులు పడమటి కిటికీ దగ్గర పెట్టి చూశాడు, మూలన ఆ చిన్న టవర్ బొమ్మ నిండుగా వెలిగింది, అంటే సిగ్నల్ బ్రహ్మాండంగా వస్తోంది, మరి తప్పెక్కడ, గోడ మీంచి దించి వెనక్కి తిప్పితే అదిగో, టైంజోన్ మీట ఈస్టర్న్ మీద ఉండాల్సింది మూడు గంటలు వెనకుండే పసిఫిక్ దాకా జరిగి ఉంది, మళ్లీ, ఈ రెండు వారాల్లో ఇది నాలుగోసారి, అగ్గిపుల్ల తలంత మీట, గోటితో గట్టిగా నెడితే తప్ప కదలదు, దానంతట అది జరిగే ప్రశ్నే లేదు, ఇంట్లో ఉన్నది తనూ భార్య రాధారాణీ, ఆమెకి స్టూలు వేసుకుంటే తప్ప అందదు, అయినా ఆమెకేం పని దీనితో, మొన్న అడిగాడు కూడా, రాధా, గడియారం నువ్వేమైనా కదిపావా, వంకాయలు తిప్పుతున్న గరిటె ఒక్క క్షణం ఆగింది, నాకెందుకండీ, పీకి అవతల పారేద్దాం, ఫోన్లు ఉన్నాయిగా, అంది తనవైపు చూడకుండా, ఆ చూడకపోవడం ఎందుకో ఇప్పుడు గుర్తొస్తోంది.

పోయిన మంగళవారం మంచులో అడుగులు, అవి కూడా గుర్తొస్తున్నాయి, గరాజ్ దగ్గర మొదలై డ్రైవ్‌వే చివరిదాకా వెళ్లి, అక్కడ ఎవరో చాలాసేపు నిలబడి అటూ ఇటూ తొక్కినట్టు మంచంతా నలిగి, మళ్లీ ఇంటివైపే వచ్చిన అడుగులు, మగవాడి బూట్లు, ఆ రోజే గరాజ్ కోడ్ మార్చాడు, బేస్‌మెంట్ కిటికీలన్నీ లాగి చూశాడు, తాళం వేసిన ఇంట్లోకి వచ్చి ఏమీ ఎత్తుకుపోకుండా గడియారం మూడు గంటలు వెనక్కి తిప్పి పోయే దొంగ ఎవడు, రాధారాణి మెట్ల మీద నిలబడి అంతా చూస్తూనే ఉంది, పోలీసుల్ని పిలుద్దామా అంటే వద్దండీ అంది, చాలా తొందరగా అంది, ఆ వారం నుంచే కారు తాళాలు కొక్కేనికి ఉండటం లేదు, నా బ్యాగ్‌లో ఉన్నాయి, ఎక్కడికైనా నేను డ్రైవ్ చేస్తాగా అంటుంది.

అందుకే ఇవాళ పొద్దున పాత ఫోను మసాలా డబ్బాల వెనక నిలబెట్టి వీడియో ఆన్ చేశాడు, ల్యాబ్‌లో అప్పుడప్పుడు మాత్రమే కనిపించే తప్పుని పట్టుకోవాలంటే కెమెరా పెట్టి వదిలేస్తారు, ఇదీ అంతే, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆ ఫోను తీసి వేలితో ముందుకు జరుపుతున్నాడు, ఖాళీ వంటిల్లు, ఖాళీ వంటిల్లు, రాధారాణి అన్నం వండటం, ఇద్దరూ తినడం, ఖాళీ వంటిల్లు, ఒంటిగంటా యాభై రెండుకి ఒక మనిషి లోపలికొచ్చాడు, వీపు మాత్రమే కనిపిస్తోంది, బూడిదరంగు స్వెటర్, కృష్ణమోహన్ జరపడం ఆపేశాడు, వాడు వెతుక్కోవడం లేదు, ఇల్లంతా తెలిసినవాడిలా తిన్నగా గోడ దగ్గరికెళ్లి గడియారం దించాడు, గోటితో మీట జరిపాడు, మళ్లీ తగిలించి వంకర లేకుండా సర్ది, ఇటు తిరిగాడు.

కృష్ణమోహన్ ముందు తన ఒంటిమీది స్వెటర్ చూసుకున్నాడు, తర్వాత మళ్లీ ఫోన్లోకి చూశాడు, అక్కడి తను ఎంత హాయిగా ఉన్నాడు, రాధా, పదకొండవుతోంది, అలేఖ్యకి కిండర్‌గార్టెన్ అయిపోతుంది, నేను వెళ్లి తీసుకొస్తా, అంటున్నాడు, గొంతు కూడా చిన్నవయసుది, కూతురు అలేఖ్యకి ఇప్పుడు ఇరవయ్యారేళ్లు, బోస్టన్‌లో ఉద్యోగం చేస్తోంది, ఆ కిండర్‌గార్టెన్ ఫ్రీమాంట్‌లో, కాలిఫోర్నియాలో ఉన్నప్పటిది, ఇరవయ్యేళ్లు దాటింది, అక్కడ పసిఫిక్ టైం కదా, ఒంటిగంటా యాభై రెండుకి నేనేం చేస్తున్నాను, ల్యాబ్‌లో వినీత్‌తో ఆన్‌లైన్‌లో బ్రేక్ రిపోర్ట్ మీటింగ్ ఉండాలి, అటెండ్ అయ్యానా, అన్నం తిన్నాను, చెయ్యి కడుక్కున్నాను, ఆ తర్వాత మూడూ నలభై, మధ్యలో ఏమీ లేదు, చీకటి కూడా లేదు, అసలు ఆ చోటే లేదు, డ్రైవ్‌వే చివర మంచులో నిలబడ్డవాడు కూడా, వాడు కూడా.

వీడియో ఇంకా నడుస్తోంది, రాధారాణి వచ్చింది, ఇవాళ నేను వెళ్లి తీసుకొస్తాలెండి, మీరు కాసేపు పడుకోండి, అంది, గాభరా లేదు, ఆశ్చర్యం లేదు, ఎన్నోసార్లు అని అని అరిగిపోయిన మాటలా అంది, వాడు సరేనని బుద్ధిగా వెళ్లిపోయాడు, ఆమె స్టూలు లాక్కుని ఎక్కి గడియారం మీద చెయ్యి వేసింది, అంటే రోజూ దిద్దుతున్నది ఆమేనా, ఇదివరకు నేను చూసిన మూడుసార్లూ ఆమెకి వీలుపడని రోజులేనా, మిగతావెన్ని, ఆమె చెయ్యి అక్కడే ఆగింది, డబ్బాల వైపు తిరిగింది, ఫోను కనిపించింది, స్టూలు దిగి దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికి, తెరంతా ఆమె ముఖమే, కళ్ల కింద ఆ నలుపు ఎప్పటినుంచి ఉంది, చెయ్యెత్తింది, ఆపేస్తుంది, తీసేస్తుంది అనుకున్నాడు, ఆపలేదు, అడ్డంగా ఉన్న చింతపండు డబ్బాని కాస్త పక్కకి జరిపింది, గోడ బాగా కనపడేలా, గడియారాన్ని ముట్టుకోకుండా లైటు తీసేసి వెళ్లిపోయింది.

పక్క గదిలో ఆమె ఉంది, టీవీ లేదు, ఫోను మాటలు లేవు, చీర కుచ్చిళ్లు సర్దుకున్న చప్పుడైనా లేదు, వింటోంది, ఈ వీడియో ఎక్కడిదాకా వచ్చిందో వింటోంది, లేచి వెళ్లాలి, ఏమని వెళ్లాలి, డాక్టర్ దగ్గరికి వెళ్దామని, క్షమించమని, ఎన్నాళ్లనుంచి అని, ఇన్నాళ్లూ ఇంట్లో ఎవడో తిరుగుతున్నాడని తను గరాజ్ కోడ్ మారుస్తుంటే వాడెవడో తెలిసి కూడా ఆమె వాడికి అన్నం పెట్టింది, పక్కన పడుకుంది, తెల్లారి ఏ మనిషి లేస్తాడో తెలియకుండా, కుర్చీ వెనక్కి నెట్టి నిలబడ్డాడు, భయం తనకి ఈ పావుగంట నుంచే, ఆమెకి నెలల తరబడి, ఈ ఇంట్లోనే, తను పక్కనే ఉండగా, ఒక్కదానికే.