పసుపు డబ్బాలో అవ్వ

భానుతేజ ఉద్యోగంలో చేరాక ఇంటికి తెచ్చిన వస్తువుల్లో కామేశ్వరికి నచ్చింది ఒక్కటే, ఆ పసుపు డబ్బా. సబ్బుపెట్టె అంత ఉంటుంది. జీపీఎస్ అంటారట. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల లెక్క పట్టుకుని మనం నిలబడ్డ చోటు ఎక్కడో చెబుతుంది. మీట నొక్కి ఒక పేరు పెడితే ఆ చోటుని తనలో దాచుకుంటుంది. సెల్‌ఫోన్ టవర్లు ఎక్కడ వేస్తే బాగుంటుందో చూసి రావడం భానుతేజ పని. యాప్రాల్‌లో ఇంటి ముందు బండి తీశాడంటే మేడ్చల్, బౌరంపేట్, శామీర్‌పేట అన్నీ తిరిగి, ఆగిన చోటల్లా ఒక గుర్తు పెట్టుకుని, చీకటి పడే వేళకి వస్తాడు.

ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్ళినా, తిరిగొచ్చేదాకా కామేశ్వరికి ముద్ద దిగదు. పెళ్ళయి కాకినాడలో రైలెక్కినప్పుడు కిటికీ పక్కన నడుస్తూ వచ్చిన తల్లిని ఆమె మళ్ళీ చూడలేదు. యానాం పడవెక్కిన తమ్ముడు రానేలేదు. అందుకే ఆ డబ్బా అంటే ఆమెకు అంత ఇష్టం. వాడు తిరిగిన దారంతా అందులో చుక్కల గీతలా కనిపిస్తుంది. సాయంత్రం వాడు రాగానే డబ్బా చేతిలోకి తీసుకుని, ఆ గీత మళ్ళీ యాప్రాల్‌కే వచ్చి ఆగిందని కళ్ళారా చూసుకున్నాకే అన్నం వడ్డించేది.

"నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇలాంటిది లేకపోవడం నా పూర్వజన్మ సుకృతం" అన్నాడు ఆమె భర్త వీరభద్రం.

"మీరెక్కడికి వెళ్ళారు గనక? ఆఫీసుకీ క్యాంటీనుకీ మధ్య గీత గియ్యలేక అది అలిసిపోయేది" అంది కామేశ్వరి.

ఆమె బడికి వెళ్ళి చదువుకున్నది కాదు. పచారీ పొట్లాల కాగితాలు విప్పి తెలుగు నేర్చుకుంది. బస్సుల బోర్డులు చూసి ఇంగ్లీషు పెద్దక్షరాలు నేర్చుకుంది. డబ్బాలో పేరుకి ఆరక్షరాలే పడతాయి కనుక భానుతేజ ఊళ్ళ పేర్లను కుదించి పెట్టేవాడు. వాటిని కూడబలుక్కోవడం తల్లీకొడుకులకి ఒక ఆట.

"ఎమ్, డి, సి, హెచ్, ఎల్. మేడ్చల్. మరి ఇదేంట్రా, పి, ఎన్, సి, ఆర్?"

"పంక్చర్. రషీద్ భాయ్ షాపమ్మా. టవర్ లేకపోయినా బతకొచ్చు గానీ, ఆ షాపు లేకపోతే బండి తోసుకుంటూ రావాలి."

ఆ ఆదివారం వాడు తలంటు పోసుకుంటుంటే, కామేశ్వరి మామూలుగానే వసారాలో కూర్చుని డబ్బా మీట నొక్కింది. పేర్లు అక్షరాల వరసలో వస్తాయి. అన్నిటికన్నా పైన, ఇదివరకు ఆమె చూడనిది ఒకటి ఉంది.

ఏ, వి, వి, ఏ.

అవ్వ.

మళ్ళీ చదివింది. చివరి నుంచి మొదటికి చదివింది. ఎలా చదివినా అదే మాట. పటం చూపించే మీట నొక్కితే, ఆ పేరు రావల్కోల్ పక్కనే కనిపించింది. 

కాకినాడ వైపు వాళ్ళ ఇళ్ళల్లో అమ్మమ్మలుంటారు, నాయనమ్మలుంటారు, బామ్మలుంటారు. అవ్వ అన్న మాట పిల్లలకి చెప్పే కథల్లోదే. కానీ భానుతేజకి ఈ భూమ్మీద అవ్వ అనదగిన మనిషి ఒకతె ఉందని, ఆమెది రావల్కోల్ అని కామేశ్వరికి తెలుసు.

ఇరవై మూడేళ్ళ క్రితం సికింద్రాబాదులో సర్కారు ఆసుపత్రిలో కామేశ్వరికి పుట్టిన బిడ్డ కళ్ళు తెరవలేదు. పక్క మంచం మీద రావల్కోల్ నుంచి కాన్పుకొచ్చిన పిల్ల, కొడుకుని కని, తెల్లారేసరికి పోయింది. మొగుడు అంతకు ముందే పోయాడట. ఆ పిల్ల తల్లి పేరు బాలమణి. పసివాణ్ణి ఎత్తుకుని ఆ వార్డంతా తిరిగి తిరిగి, చివరికి తెచ్చి కామేశ్వరి ఒళ్ళో పెట్టింది. "ఇగ గీడు నీ కొడుకమ్మా. మా దిక్కు నుంచి అడగనీకి ఎవ్వరు రారు" అంది. అంత గట్టిగా ఎలా చెప్పగలిగిందో కామేశ్వరికి ఎన్నటికీ అర్థం కాలేదు. రారంటే రారని నమ్మనూ లేదు. గేటు దగ్గర కొత్త మనిషి నిలబడితే చాలు, పిల్లాణ్ణి లోపలికి లాగి తలుపు గడియ పెట్టేది. కాకినాడ చుట్టాలకి గానీ, భానుతేజకి గానీ ఈ సంగతి ఒక్క ముక్క తెలియదు.

ఆమె పెరట్లోకి వెళ్ళి, మొక్కలకి నీళ్ళు పెడుతున్న వీరభద్రం పక్కన నిలబడింది.

"వాడికి తెలిసిపోయిందండీ."

ఏది తెలిసిందని ఆయన అడగలేదు. చేతిలోని గొట్టంలోంచి నీళ్ళు కాళ్ళ మీద పోతున్నా చూసుకోలేదు. "ఎవరు చెప్పారు?" అన్నాడు.

"మనిద్దరం కాకపోతే ఇంకెవరు చెప్పగలరు? ఆవిడే."

"వాణ్ణే అడుగుదామా?"

"అడిగితే అవునంటాడు. అప్పుడు ఏం చేస్తాం?"

భానుతేజ తల తుడుచుకుంటూ వచ్చాడు. కామేశ్వరి అటు తిరిగింది.

"రావల్కోల్ మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నావు నాన్నా?"

"రేపే. ఏం?"

"నేనూ వస్తాను."

"వచ్చి టవరెక్కుతావా?"

"అవ్వ దగ్గరికి తీసుకెళ్ళు."

తువ్వాలు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. తర్వాత తప్పు దొరికిపోయిన పిల్లాడిలా నవ్వాడు. "అనుకున్నాను, ఏదో రోజు డబ్బాలో చూసేస్తావని. నువ్వు బాధపడతావని చెప్పలేదమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెలలవుతోంది. గుర్తు పెట్టింది మాత్రం మొన్ననే. అటు పోయినప్పుడల్లా వెళ్ళాల్సిందే. వెళ్ళకపోతే తర్వాత తిడుతుంది. నీ గురించి ఎప్పుడూ అడుగుతుంది, మీ అమ్మ ఎట్లుంటది, తీసుకురారాదు అని."

ఆ రాత్రి కామేశ్వరి కంటి మీద కునుకు లేదు.

పొద్దున్నే బండెక్కింది. హకీంపేట, తూముకుంట దాటారు. శామీర్‌పేట చెరువు కట్ట పక్కగా పోతుంటే వాడు ఏదో చూపిస్తున్నాడు, ఏదో చెబుతున్నాడు. ఆమెకి వినపడలేదు. డబ్బాని వాడు హ్యాండిల్‌కి కట్టాడు. అందులో ఒక బాణం గుర్తు, కింద ఇంకా ఎంత దూరం ఉందో అంకెలు. వాడి భుజం మీదుగా ఆమె ఆ అంకెలే చూస్తోంది. అవి తరిగిపోతున్నాయి. ద్రాక్ష తోటల మధ్య రోడ్డు మలుపు తిరిగేసరికి, బండి ఎక్కడైనా ఆగిపోతే బాగుండునని దేవుడికి మొక్కుకుంది. బండి ఆగలేదు.

రోడ్డు పక్కన తాటాకు పందిరి. ఒక ముసలామె అటు తిరిగి, నెత్తి మీదికి కొంగు లాక్కుని, కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తోంది.

"అవ్వా, మా అమ్మొచ్చింది చూడు" అన్నాడు భానుతేజ.

ఆ మనిషి ఇటు తిరిగేలోపే కామేశ్వరి వెళ్ళి ఆమె వెనక మోకాళ్ళ మీద కూలబడింది.

"బాలమణమ్మా, పేగు నీదే, నేను కాదనను. కానీ పెంచుకున్నదాన్ని. చూడాలంటే చూసుకో, వీణ్ణి మాత్రం నా దగ్గర్నుంచి తీసుకుపోకు."

ముసలామె రొట్టె చేత్తో పట్టుకునే తిరిగింది. చెవుల అంచు పొడుగునా వెండి రింగులు. కామేశ్వరిని వింతగా చూసింది.

"బాలమణి ఎవ్వలమ్మా? నేను జహేదా. పంక్చర్లేసే రషీద్ అమ్మను. గీ తొవ్వల పొయ్యేటోళ్ళంత నన్ను అవ్వనే అంటరు. నీ కొడుకును నేనేం జేసుకుంట తల్లీ? నువ్వు గట్టిచ్చిన అన్నం నా మనుమలకు వెట్టి, నా రొట్టె తింటడు. గదొక్కటే నా తప్పు."

కామేశ్వరికి అప్పుడు తెలిసింది. ఈ ప్రాంతంలో ముసలామె అయితే చాలు, అవ్వే. ఏ బంధుత్వమూ అక్కర్లేదు. ఇరవై మూడేళ్ళు గుండెల్లో అదిమిపెట్టుకున్న మాటని, ఎవరూ అడక్కుండానే తన నోటితో తనే బయటపెట్టేసింది. తల ఎత్తి కొడుకు వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

"అమ్మా" అన్నాడు భానుతేజ. "ఎవరి పేగు?"

పొయ్యి మీద ఇంకో రొట్టె మాడి పొగ వస్తోంది. జహేదా దాన్ని తియ్యలేదు.

కామేశ్వరి నేల వైపు చూస్తూ చెప్పింది. ఆసుపత్రి, పక్క మంచం, చనిపోయిన పిల్ల, ఒళ్ళో పెట్టిన పసివాడు. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇంత చిన్న సంగతా ఇన్నేళ్ళూ తనని తిననివ్వకుండా, పడుకోనివ్వకుండా చేసింది అనిపించింది. బండికి ఆనుకుని నిలబడ్డ భానుతేజ జారి మట్టిలో కూర్చున్నాడు.

"నాన్నకి తెలుసా?"

"తెలుసు."

"నాకు తప్ప అందరికీ తెలుసా?"

"ఇంకెవరికీ తెలీదు నాన్నా."

జహేదా నెమ్మదిగా లేచి చెంబెడు నీళ్ళు తెచ్చి కామేశ్వరి ముందు పెట్టింది. ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు కళ్ళు చికిలించింది. "బాలమణంటే మా మొగులయ్య అత్తనా? గా మొగులయ్య లారీ కింద వడి సచ్చిపోయిండు, ఆని పెండ్లాం కాన్పుకని పట్నం పోయి పానం ఇడిసింది?"

కామేశ్వరి తలూపింది.

"పసిగుడ్డు గూడ సచ్చిపోయిందని చెప్పింది గదమ్మా ఆమె." జహేదా గొంతు తగ్గింది. "తల్లి పక్కన్నే చిన్న బొంద తవ్వి, పాత చీరల సుట్టి పెట్టింది. ఒక్కసారి మొఖం జూపియ్యి బాలమణీ అంటే సూపియ్యలే. ఊరంత ఏడ్సినం. యా అల్లా, గా చీరల ఏం బెట్టినట్టు ఆమె?"

అడగడానికి ఎవరూ రారని బాలమణి అంత గట్టిగా ఎలా చెప్పిందో కామేశ్వరికి ఇప్పుడు తెలిసింది. చచ్చిపోయినవాణ్ణి అడగడానికి ఎవరొస్తారు? తనకి భయం లేకుండా చెయ్యడానికి, బతికున్న మనవడికి ఆ ముసలిది ఊరందరి ముందూ గొయ్యి తవ్వి పూడ్చింది. తను మాత్రం భయపడుతూనే బతికింది.

"ఉందా ఆమె?" అన్నాడు భానుతేజ.

"ఉన్నది. గా మోరీ దాటినంక మొదటి సందు. పెంకుటిల్లు, ముంగట మేకలుంటయ్."

వాడు లేచి, బట్టలకి అంటిన మట్టి దులుపుకోకుండానే నడిచాడు. బండి, డబ్బా అక్కడే వదిలేశాడు. ఆ వెళ్ళే వీపుని చూస్తూ కామేశ్వరి లేవలేకపోయింది. అయిపోయింది అనుకుంది. మోరీ కాలవ దగ్గర వాడు ఆగాడు. వెనక్కి తిరక్కుండానే "రా అమ్మా" అన్నాడు. "నేనొక్కణ్ణే వెళ్ళి ఎవరినని చెప్పను?"

బాలమణి గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. మనిషి ఎండిపోయిన కట్టెలా ఉంది. అడుగుల చప్పుడుకి తలెత్తింది. కామేశ్వరిని చూసింది. ఆ పక్కనున్న వాణ్ణి చూసింది. చాట మీద వేళ్ళు ఆగిపోయాయి.

భానుతేజ ఆ ఊళ్ళో ఎవరైనా ఎవరినైనా అడిగే మాటే అడిగాడు.

"అవ్వా, మంచినీళ్ళిస్తావా?"

ఆమె లోపలికి వెళ్ళి చెంబుతో వచ్చింది. వాడు తాగుతుంటే అడుగు దూరంలో నిలబడి, వాడి గొంతు కదలడాన్ని చూస్తోంది.

"బాలమణమ్మా" అంది కామేశ్వరి. "నన్ను గుర్తుపట్టలేదా? ఆసుపత్రిలో నీ కూతురి పక్క మంచం..."

"నాకెరుక లేదమ్మా." గొంతు నిలకడగా ఉంది. కళ్ళు మాత్రం వాడి మీంచి కదల్లేదు. "నా బిడ్డ సచ్చిపోయింది. మనుమడు గూడ సచ్చిపోయిండు. ఊర్ల ఎవల్నన్న అడుగు, చెప్తరు. నువ్వు ఇంకెవలింటికో పొయ్యేది ఈడికొచ్చినట్టున్నవ్. నీ కొడుకు నీకు సల్లగుండాలె."

ఈ మనిషి ఎప్పుడో వచ్చి గేటు ముందు నిలబడి, నా మనవణ్ణి నాకిమ్మంటుందని ఇన్నేళ్ళు కామేశ్వరి వణికింది. ఇప్పుడు తనే తెచ్చి ఎదురుగా నిలబెడితే, కాదంటోంది. కళ్ళల్లోకి చూస్తూ కాదంటోంది.

"ఇంకిన్ని పొయ్యాల్నా బిడ్డా?" అంది బాలమణి.

వాడు చెంబు చాచాడు. రెండోసారీ అడుగంటా తాగాడు.

"మళ్ళీ వస్తాడు" అంది కామేశ్వరి. ఆ మాట తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

"ఎందుకు?"

"అటూ ఇటూ తిరిగే పని వాడిది. దాహమవుతుంది."

బాలమణి ఖాళీ చెంబు అందుకుని, చీర కొంగుతో దాని అంచు ఒక్కసారి తుడిచి, లోపలికి వెళ్ళింది. వాకిట్లో మేకలు చాట చుట్టూ చేరి బియ్యం మేస్తున్నాయి. వాటిని తోలడానికి కూడా ఆమె బయటికి రాలేదు. పొమ్మనలేదు, ఉండమనలేదు. తల్లీకొడుకులు ఆ గడప ముందు అలాగే నిలబడ్డారు.