పొంగని రాయి

లారీ దించిన తెల్లరాళ్ళ గుట్టలోంచి ఒకటి తీసి, రాళ్ళు పరీక్షించే పెద్దాయన దాని మీద యాసిడ్ చుక్క వేశాడు. సున్నపురాయి అయితే చుక్క తగలగానే బుసబుసా పొంగాలి. ఆ పొంగు వల్లే ఆ రాతిపిండి మిల్లులో ఆయనకు సోడా బాబాయ్ అని పేరు పెట్టారు. ఈ రాయి మీద చుక్క నీళ్ళలా జారిపోయింది. దానితో గాజుముక్క మీద గీస్తే గీత పడింది. పలుగురాయి, సందేహం లేదు.

"ఏం రాయమంటారు?" అని రిజిస్టరు తెరిచి సూపర్‌వైజర్ని అడిగాడు.

"కొత్తగా అడుగుతావేంటి బాబాయ్? సున్నపురాయనే రాయి. పలుగని రాస్తే దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుతూ మిల్లు ఆడించాలి, మనిషికో మాస్కు కొనాలి. ఓనరు ఊరుకుంటాడా?"

రాశాడు. ఎనిమిది నెలలుగా రాస్తూనే ఉన్నాడు. ఆ సంతకానికి వారానికి రెండు వందలు కూలి పెరిగింది. అప్పట్నుంచి తిన్న తిండి ఒంటికి పట్టడం లేదని ఎవరితోనూ అనలేదు. అనే మొహం కూడా లేదు.

మధ్యాహ్నం ఆయన చెల్లెలు ఆస్పత్రి నుంచి నేరుగా పనిలోకి వచ్చింది. రాతిపిండి సంచుల్లో నింపడం ఆమె పని. నాలుగడుగులకే ఆయాసపడి గోడకు ఆనుకుంది. మిల్లు రొదలో ఆయన ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"డాక్టరేమన్నాడమ్మా?"

"ఏ రాయి పొడి పీలుస్తున్నావని అడిగాడన్నయ్యా. సున్నపురాయేనండి, పరీక్ష చేసేది మా అన్నయ్యే, ఆయన మాటకి తిరుగులేదన్నాను. అయితే మామూలు దగ్గేలే అని సిరప్పు రాశాడు. డెబ్బై వదిలాయి." నవ్వబోయి దగ్గింది. "నువ్వుండగా నాకేం భయం?"

యాసిడ్‌కే లొంగని రాయి ఊపిరితిత్తుల్లో కరుగుతుందా? ఆ సంగతి తెలిసీ తాను నోరు మూసుకున్నాడు. తోడబుట్టినదాని ఊపిరి తానే తీస్తున్నాడు.

"నేను రాసిందంతా అబద్ధమమ్మా. అది పలుగురాయి. మొదటి రోజు నుంచీ నాకు తెలుసు. పద, డాక్టరుకి నేనే చెబుతాను."

తలెత్తి చూడలేకపోయాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. పదకొండు మంది ముక్కుకు గుడ్డలు కట్టుకుని సంచులు నింపుతున్నారు. ఆమె గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, మిల్లు స్విచ్చి కట్టేసింది.

రొద ఆగిపోయింది.

"ఎవరది ఆపింది?" సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు.

"నేనే. మా అన్నయ్య వీళ్ళందరికీ ఒక మాట చెప్పాలి."

అందరూ ముఖాల మీది గుడ్డలు దించి ఆయన వైపు తిరిగారు. పెద్దాయన నోరు తెరిచాడు.