నెగడు ఆర్పిన రాత్రి

డెబ్బై ఒకటి యుద్ధంలో ఊరి రక్షణ దళంలో తాత చేసిన సేవను పుస్తకంగా వేయాలని, వసుధ పుంగనూరు నుంచి చౌడేపల్లెకు వెళ్లి, అప్పట్లో అక్కడ గొర్రెలు కాసిన ముత్యాలప్పను కలిసింది.

"మీ చేన్లోనే ఎరువుకని మంద కట్టింటిమమ్మా. బాంబులేసే ఇమానాలకు కనపడకుండా దీపాలార్పాలని ఆర్డరంట. తోడేళ్లు రాకుండా ఏసిన నెగడును మీ తాత నీళ్లు పోసి ఆర్పిచ్చినాడు. తెల్లారేసరికి పదకొండు గొర్రెలు పాయె."

"యుద్ధం కదప్పా!"

"అవునమ్మా. మీ మిద్దింట్లో మాత్రం పెట్రోమాక్సు ఎలగతానే ఉండె. పేకాటంట."

వసుధ తల వంచుకుంది. యుద్ధకాలపు ఆ పేకాట గురించి ఇంట్లో చెప్పుకునే ముచ్చటకు చిన్నప్పటి నుంచీ ఇంటిల్లిపాదితో కలిసి తానూ నవ్వింది. అట్టమీద వేయాలని తెచ్చిన తాత ఫొటోను సంచిలోకి తోసి, కలం తీసింది.

"మొదట్నించీ చెప్పప్పా. నీ పేరుతోనే రాస్తా."