ఎర్ర చుక్క

ఎర్ర చుక్క ఆ ఉదయం నాలుగో మోకాలి చిప్ప చుట్టూ తిరుగుతోంది. దాన్ని తిప్పుతున్న మనిషికి యాభై ఎనిమిదేళ్ళు. వంగిన వీపు, జేబు దగ్గర సిరా మరక పడ్డ తెల్లకోటు. అందరూ లైటు బాబాయి అంటారు. ఆ నొప్పుల క్లినిక్‌లో పదకొండేళ్ళుగా ఆయన పని ఇదే: లేజరు తిప్పడం, వచ్చినవాళ్ళ గోడు వినడం, ఆపైన కాలు పదిసార్లు వంచి చాపించడం. కోడళ్ళ తప్పులు ఆయనకు తెలిసినన్ని కోడళ్ళకే తెలియవు. “ఊళ్ళో మోకాళ్ళన్నీ మీవే, నా నడుం ఒక్కటే పరాయిది,” అంటుంది భార్య.

మధ్యాహ్నం, ఫ్యాను మోత చేస్తోందంటే మెకానిక్ వచ్చి లేజరు మిషను విప్పాడు. మీటరు పెట్టి చూసి, ముక్కు గోక్కున్నాడు.

“అసలు కిరణం కంటికి కనపడదు బాబాయ్. ఈ ఎర్రది గురి చూసుకోడానికే. అసలుది ఎప్పుడో చచ్చింది.”

“ఎప్పుడో అంటే?”

“రెండేళ్ళ పైమాటే.”

“హాయిగా ఉంది నాయనా” అన్న ముఖాలన్నీ లైటు బాబాయి కళ్ళముందు తిరిగాయి. నేరుగా డాక్టరు గదిలోకి వెళ్ళి మెకానిక్ మాట చెప్పాడు.

“బాగున్నప్పుడైనా ఇది పనిచేస్తుందా సార్?”

“మోకాలి నొప్పికి కొన్ని పరిశోధనల్లో కొంత గుణం కనబడింది, మోతాదు సరిగ్గా పడితే. కొన్నిట్లో ఏమీ లేదు,” అన్నాడు డాక్టరు ఫోనులోంచి తలెత్తకుండా.

“మరి మన బోర్డు మీద షుగరు, ఉబ్బసం, మతిమరుపు...”

“అది బోర్డు రాసినవాడి ఉత్సాహం. కొత్త పార్టు వచ్చేదాకా ఎర్ర లైటే తిప్పు. నోరు మెదపకు.”

నాలుగింటికి రిటైరైన లెక్కల టీచరు వచ్చి బల్లెక్కింది. ఆయన చుక్క వెలిగించాడు. ఆర్పేశాడు.

“ఇందులో ఏమీ లేదమ్మా. రెండేళ్ళుగా ఉత్త దీపం.”

“మరి నాకు నొప్పెలా తగ్గింది?”

“నాకూ తెలీదు. కాలు వంచుతున్నారుగా, అదై ఉండొచ్చు. దానంతటదే తగ్గిందేమో.”

“మా చెల్లెల్నీ తోడికోడల్నీ కూడా చేర్పించానయ్యా! వాళ్ళకేం మొహం చూపించను?” ఆవిడ కేకలకు పక్కనున్న డాక్టరు గది కిటికీ తెరుచుకుంది. చివరికి అలసిపోయి, వాచీ చూసుకుని, మళ్ళీ పడుకుంది. “సరే, వంచు. ఒకటి.”

పదోసారి వంచేసరికి డాక్టరు గుమ్మంలో ఉన్నాడు.

“రేపట్నుంచి రానక్కర్లేదు.”

“అలాగే సార్,” అన్నాడు లైటు బాబాయి, ఎప్పటిలాగే.

టీచరు మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. “రేపు నాలుగింటికి మా ఇంటికి రా. వాళ్ళిద్దరూ ఉంటారు, నువ్వే చెప్పుకో. కాళ్ళూ వంచించు.”

“లైటు లేకుండానా అమ్మా?”

“పట్టపగలు లైటెందుకయ్యా?”

ఆయన కోటు విప్పి మడతపెట్టి, మిషనుకు గుడ్డ కప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గోడ మేకుకు, కిరణం కళ్ళకు తగలకుండా పదకొండేళ్ళూ పెట్టుకున్న ఆకుపచ్చ కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. విరిగిన కాడకు దారం చుట్టి, అద్దాలు శుభ్రంగా తుడిచి.